నదీ అంధత్వము: రైతుచేత ఏటియొడ్డు విడిపించిన వ్యాధి

ఏటియొడ్డున భూమి దొరకుట రైతునకు భాగ్యమని మన నమ్మకము. గోదావరి లంకలలోను, కృష్ణ కరకట్టల లోపలను జానెడు నేలకై అన్నదమ్ములు సైతము తగవులాడుకొనుట మన మెరిగినదే. ఒండ్రు పట్టిన నేల, చేతికందు నీరు, పశువులకు పచ్చిక, ఇవి యన్నియు నున్న చోటు విడిచి రాళ్లమెట్టకు పోయి బ్రతుకు రైతు ఎవడైన నుండునా యని యడిగినచో మనవారు నవ్వుదురు. కాని అట్టి రైతులు ఆఫ్రికా ఖండమున వేలకు వేలుగా నుండిరి. ఆ ఖండపు పశ్చిమ భాగమున వోల్టా నదియు దాని శాఖలును పారు లోయలలో సారవంతములైన పల్లపు భూములు ఏండ్ల తరబడి బీడువడి యుండెను. అది వరద ముంచుటచేత కాదు. శిస్తు భారముచేత కాదు. దొంగల భయముచేతను కాదు. నల్ల నువ్వుగింజంత యొక యీగ ఆ రైతులను తరిమినది.

ఆ యీగ తెచ్చు రోగమునకే నదీ అంధత్వమని పేరు. ఈ వ్యాధి మన దేశమున లేదు. అట్లైన మన సంఘ పత్రికలో దీనినిగూర్చి వ్రాయనేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మేము మూడు కారణములచేత వ్రాయుచున్నాము. ఈ రోగముపాలైనవారు మనవంటి సేద్యగాండ్రే యగుట మొదటి కారణము. వైద్యులవలననే గాక, గ్రామములు గ్రామములుగా జనులు కలిసి పనిచేయుటవలన ఈ రోగము వెనుకంజ వేయుట రెండవ కారణము. సహకారమును నమ్ముకొన్న మనకు ఇంతకంటె తగిన పాఠము లేదు. మూడవ కారణము మన యింటి గుమ్మములోనే యున్నది. దానిని కడపట విన్నవింతుము.

రోగము కలుగు విధము

ఈ రోగమునకు మూలము ఒక సన్నని పురుగు. శాస్త్రజ్ఞులు దానికి ఆంకోసెర్కా వాల్వ్యులస్ అని పేరిడిరి. మనకు బోదకాలు కలిగించు పురుగునకు ఇది దాయాది. ఆడుపురుగు దారమువలె సన్నగా, ఇంచుమించు మూరెడు పొడవుండును. మగది రెండంగుళములకు మించదు. ఇవి మనుష్యుని చర్మముక్రింద చుట్టలు చుట్టుకొని, పైకి గోళీకాయలవలె తగులు కణుతులలో కాపురముండును. కణుతులు చూపునకు వికారమే గాని వానివలన బాధ తక్కువ. అసలు కీడంతయు వాని సంతానమువలన వచ్చును.

ఆడుపురుగు పది మొదలు పదునైదేండ్లవరకు బ్రతుకును. బ్రతికినంతకాలము దినమున కించుమించు వేయి చొప్పున పిల్లపురుగులను కనును. ఈ పిల్లపురుగులు మిల్లీమీటరులో మూడవ వంతుకూడ లేని సూక్ష్మప్రాణులు. ఇవి చర్మములో నలుదెసల ప్రాకును. కొన్ని కంటిలోనికి పోవును. వాని ఆయువు ఒకటి రెండేండ్లు మాత్రమే. అవి చచ్చునపుడు ఉపద్రవము మొదలగును. చచ్చిన పురుగును చూచి దేహము దానితో పోరాడ యత్నించును. ఆ పోరాటమునందు పుట్టు వాపు మన కంగమునే చెరచును. ఆ పురుగులలో వోల్బాకియా యను మరియొక సూక్ష్మజీవి నివసించుననియు, పురుగు చచ్చినపుడు అది వెలువడి వాపును హెచ్చించుననియు ఇటీవలి పరిశోధనలవలన తేలినది.

చర్మములో నిట్లు జరిగినపుడు పట్టరాని దురద పుట్టును. రోగి రాత్రులు నిద్ర లేక, రక్తము వచ్చునట్లు గోకుకొనును. కొన్నేండ్లకు చర్మము మందమై ముడుతలు పడును. ముంగాళ్లయందు రంగు పోయి, మచ్చలు మచ్చలుగా చిరుతపులి చర్మమువలె కనబడును. కంటిలో జరిగినపుడు నల్లగ్రుడ్డుపైనుండు స్వచ్ఛమైన పొరమీద చుక్కచుక్కగా మచ్చలు పడును. ఏండ్లు గడచినకొలది ఆ మచ్చలు కలిసికొని, సున్నము పూసిన అద్దమువలె పొర తెల్లబడును. చూపు పోవును. అట్లు పోయిన చూపు ఏ మందునకును తిరిగి రాదు.

ఈ పురుగును ఒక మనుష్యునినుండి మరియొకనికి చేర్చునది సిమూలియం జాతి నల్లయీగ. గూనివీపుగల చిన్న యీగ యిది. ఇందు ఆడుదియే రక్తము త్రాగును, అదియు పగటివేళనే. రోగిని కుట్టినపుడు పిల్లపురుగులు కొన్ని దాని కడుపులోనికి పోవును. అవి అక్కడ వారము పదిదినములు పెరిగి, మరల కుట్టినపుడు క్రొత్తవాని దేహమున ప్రవేశించును. ఈ రోగము రోగిని తాకుటచేత అంటదు. ఏటినీరు త్రాగుటచేతను, అందు స్నానము చేయుటచేతను రాదు. తండ్రినుండి కొడుకునకు సంక్రమించునదియు కాదు. పూర్వము శాపమనియు, చేతబడియనియు జనులు తలంచుట కలదు. అది శాపము గాదు, ఈగకాటు.

మరియొక విశేషము గమనింపదగినది. దోమ నిలువనీటిని కోరును; ఈ నల్లయీగ నిలువనీటిని సహింపదు. రాళ్లమీదుగా నురుగులు గ్రక్కుచు పారు నీటిలోనే గ్రుడ్లు పెట్టును. ఆ నీటిలో గాలి విశేషముగా కలిసియుండుటచే దాని పిల్లలు రాళ్లను, నీటిలో వ్రేలాడు కొమ్మలను కరచుకొని పెరుగును. చెరువులకును ఆనకట్టలకును కట్టిన కలుజులమీద నీరు వడిగా దుముకుచోట్లకూడ వానికి అనుకూలములే. కావున ఏరు వడిగా పారుచోట రోగము తీవ్రముగా నుండును. ఏటికి దూరమైనకొలది తగ్గును. దీనికి నదీ అంధత్వమను పేరు వచ్చుటకు ఇదియే కారణము.

పొలములు బీడువడిన విధము

ఒకటి రెండు కాట్లచేత ఎవ్వడును గ్రుడ్డివాడు కాడు. పురుగు ఈగలో పెరుగునే గాని సంఖ్యయందు హెచ్చదు. మనుష్యునిలో చేరిన పురుగుకూడ పిల్లలను కనును గాని ఆ పిల్లలు అతని దేహముననే పెద్దపురుగులు కాజాలవు. కనుక దేహమున పురుగులు పెరుగవలెనన్న వందలకొలది కాట్లు పడవలెను. ఆ దారిని పోవు బాటసారికి హాని అల్పము. ఏండ్లతరబడి ప్రొద్దున మొదలు సాయంకాలమువరకు ఒడ్డుననే దున్ని, కలుపుతీసి, పంట కోయువానికే ఈ శిక్ష.

అందును ఒక అన్యాయము కలదు. పెద్ద ఊరిలో ఈగకాట్లు వేయిమందికి పంపకమగును. తలకు కొన్ని మాత్రమే వచ్చును. ఏటియొడ్డున పది గుడిసెల పల్లె వేసికొన్నచో ఆ కాట్లన్నియు ఆ పదియిండ్లవారిమీదనే పడును. క్రొత్తభూమిని సాగుచేయ సాహసించి ముందుగా దిగినవారే ముందుగా కన్నులు పోగొట్టుకొనిరి. వారిలో కొందరు చూపు కోల్పోగానే సేద్యము చేయువారు తగ్గిరి. మిగిలినవారికి కాట్లు హెచ్చెను. పదేండ్లవాడు తాత చేతికఱ్ఱ కొన పట్టుకొని నడిపింపవలసి వచ్చెను. ఆ పిల్లవానికి బడి లేదు, పని లేదు. తుదకు మిగిలినవారు ఇండ్లు విడిచి మెట్టకు పోయిరి. అంతట ఏటికి ఆవలి వరుసనున్న పల్లె ముందువరుస పల్లె యయ్యెను. దానికిని అదే గతి పట్టెను. ఈ విధముగా ఊరిపై ఊరు వెనుకకు జరిగి, లోయలు నిర్జనములాయెను. తీవ్రముగా పీడింపబడిన గ్రామములలో పదిమందికి ఒక్కడు గ్రుడ్డివాడైన చోట్లు కలవు. మెట్టమీద జనము క్రిక్కిరిసి, అచ్చటి పలుచని నేల పదేపదే సాగుచేయుటచే సారము చచ్చెను. క్రింద మంచి భూమి బీడు. పైన పేదభూమికి పోటీ. ఈ రోగము కన్నును పోగొట్టుటతోనే ఆగక కరవునుకూడ తెచ్చినది.

కారణము తెలిసిన క్రమము

ఈ పురుగును మనుష్యుల చర్మములో మొదట చూచినవాడు జాన్ ఓనీల్ అను ఐర్లండు దేశపు నౌకాదళ వైద్యుడు. 1875లో నేటి ఘనాదేశపు తీరమున దురదతో బాధపడు రోగుల చర్మమును పరీక్షించి, కదలుచున్న పిల్లపురుగులను కనుగొనెను. ఆ పురుగునకును కంటిజబ్బునకును సంబంధము కలదని 1915లో మధ్య అమెరికాలోని గ్వాటిమాలా దేశమున రొడోల్ఫో రోబ్లెస్ అను వైద్యుడు తెలిపెను. దానిని మోయునది నల్లయీగయేయని 1926లో సియెర్రా లియోనులో డొనాల్డ్ బ్లాక్‌లాక్ నిరూపించెను. పురుగు, కన్ను, ఈగ అను మూడు ముక్కలను ఒకచోట కూర్చుటకు అర్ధశతాబ్దము పట్టినది. కారణము తెలిసినను తగిన మందు లేదు. అప్పటికున్న మందులలో సురామిన్ విషతుల్యము. డై ఇథైల్ కార్బమజైన్ అను మరియొకటి పిల్లపురుగులను ఒక్కపెట్టున చంపి, ఆ వాపుచేత కంటికే చేటు తెచ్చుచుండెను. ఇక మిగిలిన ఉపాయము ఈగను నిర్మూలించుట.

ఈగపై యుద్ధము

1972లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా నేడు బుర్కీనా ఫాసో యనబడు ఎగువ వోల్టా దేశమునకు పోయి, పిల్లలు గ్రుడ్డివారిని కఱ్ఱపట్టి నడిపించుట స్వయముగా చూచెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు, ఆహార వ్యవసాయ సంస్థ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఈ నాలుగును కలిసి 1974లో ఒక బృహత్కార్యమున కుపక్రమించెను. మొదట ఏడు దేశములును, తరువాత పదునొకండు దేశములును అందు చేరెను.

వారి పద్ధతి యిది. హెలికాప్టరులు నదులమీద ఎగురుచు, నీరు వడిగా పారుచోట్ల టెమీఫాస్ అను మందును చల్లును. దోమపిల్లలను చంపుటకు మన మునిసిపాలిటీలవారు నీటితొట్లలో వేయు మందుకూడ అదియే. ఈగపిల్ల నీటిలో ఇంచుమించు వారము దినములు పెరిగి పైకెగురును గనుక, ఏ వారమును తప్పకుండ చల్లవలెను. ఒక్క వారము తప్పినచో ఒక తరపు ఈగలు రెక్కలు కట్టుకొనును. పని విస్తరించిన కాలమున ఇంచుమించు 50,000 కిలోమీటర్ల నదులు వారి కాపుదలలో నుండెను. గాలివాటమున ఈగలు వందలాది కిలోమీటర్లు వచ్చి పడుచుండుటచే ఒక దేశము మాత్రము చల్లి ప్రయోజనము లేకపోయెను, పొరుగుదేశముకూడ చల్లవలెను. ఒకని చేను బాగుపడవలెనన్న పొరుగువాని గట్టుకూడ శుభ్రముగా నుండవలెనను మన సామెతవంటి న్యాయము దేశములకును వర్తించినది.

మందు చల్లుటలో రైతులకు పరిచయమైన చిక్కు ఒకటి వచ్చెను. ఒకే మందును ఎడతెగక వాడుటచే 1980 ప్రాంతమున కొన్ని నదులలో ఈగలు దానికి అలవాటుపడి చావకుండెను. ప్రత్తిలో పురుగునకు ఒకే మందు కొట్టి చేతులు కాల్చుకొన్న మనవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వారు వెరవక, ఏడు విధములైన మందులను మార్చిమార్చి వాడిరి. అందు ఒకటి బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి, మన బి.టి. ప్రత్తికి గుణమిచ్చిన జాతియే యిది. ఇది ఈగపిల్లలను చంపును గాని చేపలకు హాని చేయదు.

ఈ కార్యక్రమము 2002 చివరివరకు సాగెను. ఫలమిది: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కనుబట్టి 6 లక్షలమంది గ్రుడ్డివారు గాకుండ నిలిచిరి. ఒక కోటి 80 లక్షలమంది శిశువులు ఈ భయము లేని నేలమీద పుట్టిరి. బీడువడిన భూమిలో 2 కోట్ల 50 లక్షల హెక్టార్లు, అనగా మన లెక్కలో 6 కోట్ల ఎకరములకు పైగా, మరల సాగునకు యోగ్యమయ్యెను. ఆ భూమి ఏటేట ఒక కోటి 70 లక్షలమందికి అన్నము పెట్టగలదని అంచనా. కన్నులకు చేసిన చికిత్స ధాన్యపు గాదెలను నింపుట యనిన ఇదియే.

మట్టిలో దొరకిన మందు

ఈగపై యుద్ధము జరుగుచుండగనే మందును దొరకెను. 1970 దశకమున జపాను దేశములో సతోషి ఓమురా యను శాస్త్రజ్ఞుడు ఊరూర మట్టి సేకరించి, అందలి సూక్ష్మజీవులను పెంచుచుండెను. ఇటో పట్టణము చెంత గోల్ఫు ఆటస్థలము దగ్గర తీసిన పిడికెడు మట్టిలోని యొక సూక్ష్మజీవి పురుగులను చంపు ద్రవ్యమును పుట్టించుచున్నదని అమెరికాలోని మెర్క్ సంస్థలో విలియం క్యాంప్‌బెల్ బృందమువారు కనుగొనిరి. దానినుండి చేసిన మందే ఐవర్‌మెక్టిన్. అది మొదట 1981లో పశువుల మందుగా అంగడికి వచ్చెను. అదే సంవత్సరమున ఆ సంస్థలోని మొహమ్మద్ అజీజ్ అను వైద్యుడు సెనెగల్ దేశమున నదీ అంధత్వ రోగులకు దాని నిచ్చి పరీక్షించెను. ఓమురా, క్యాంప్‌బెల్ ఇరువురును 2015లో నోబెల్ బహుమానము నందుకొనిరి.

1987లో మెర్క్ సంస్థవారు, ఈ రోగమునకు కావలసినంత మందును, కావలసినంతకాలము ఉచితముగా ఇత్తుమని ప్రకటించిరి. మందు కొన లేని రైతుల రోగమునకు ఇది గొప్ప మేలు. ఆ మాట నేటికిని నిలిచియున్నది.

అయితే ఈ మందు గుణమును సరిగా తెలిసికొనవలెను. అది పిల్లపురుగులను చంపును. ఆడుపురుగు కొన్ని నెలలపాటు పిల్లలను వెలువరింపకుండ చేయును. పెద్దపురుగును మాత్రము చంపదు. ఏడాది తిరుగునప్పటికి అది మరల కనుట కారంభించును. కనుక మాత్ర ఒకసారి మ్రింగి రోగము పోయినదనుకొనరాదు. ఏడాదికొకసారియో రెండుసారులో, పెద్దపురుగు ముసలిదై చచ్చువరకు, అనగా పది పదునైదేండ్లు మ్రింగవలెను. ఈ యుద్ధమంతటికిని మూలసూత్రము ఇదియే: పురుగు ఆయువుకంటె మనుష్యుల పట్టుదల ఆయువు ఎక్కువ కావలెను.

గ్రామము చేతిలో మందు

మందు ఉచితమైనంత మాత్రమున నోటికి చేరదు. మొదట ఆరోగ్యశాఖవారి బండ్లు ఊరూర తిరిగి పంచెను. బండి వచ్చునప్పటికి జనులు పొలములలో నుండిరి, కొన్ని యూళ్లకు దారియే లేదు, ఖర్చు విపరీతము. 1995లో మొదలై 2015వరకు సాగిన ఆఫ్రికా కార్యక్రమమువారు దీనిని గ్రహించి పద్ధతి మార్చిరి. ఊరివారు సభచేరి, తమలో నమ్మకస్థులను తామే ఎన్నుకొందురు. ఏ నెలలో పంచవలెనో, ఇంటింటికి పోయి పంచవలెనో, ఒకచోట కూడి పంచవలెనో వారే నిర్ణయింతురు. ఎన్నికైనవారు ఇంటింటి జనాభాను పుస్తకమున వ్రాసికొని, మందు తెచ్చి, ఎదుటనే మ్రింగించి, గుర్తు పెట్టుదురు.

తూనికయంత్రము లేని పల్లెలలో మోతాదు ఎట్లు? ఎత్తునుబట్టి మోతాదు కట్టిరి. గుర్తులు గీసిన కఱ్ఱ యొకటి చాలును. 90 సెంటీమీటర్లు మొదలు 119 వరకు ఎత్తున్నవానికి ఒక మాత్ర. 120 నుండి 140 వరకు రెండు. 141 నుండి 158 వరకు మూడు. 159కి పైబడినవానికి నాలుగు. 90 సెంటీమీటర్లకు లోపలి పిల్లలకును, గర్భిణీస్త్రీలకును, ప్రసవమై వారము దాటని బాలింతలకును, తీవ్రమైన జబ్బుతో నున్నవారికిని ఇయ్యరాదు. చదువు కొద్దిగా వచ్చిన రైతైనను చేయగల పని యిది.

కష్టములు లేకపోలేదు. దేహమున పురుగులు మెండుగా నున్నవారికి మొదటిసారి మందు మ్రింగగానే, అవి చచ్చుటచేత, దురదయు, వాపును, జ్వరమును కలుగును. మందే జబ్బు తెచ్చెనని కొందరు మానివేసిరి. ఇంకను చిత్రమేమనగా, కొన్నేండ్లు మ్రింగి దురద తగ్గినవారు, ఇక నాకేమని మానివేసిరి. వాని దేహమున పెద్దపురుగు బ్రతికియే యుండును. ఈగ వానిని కుట్టి పొరుగింటికి చేర్చును. ఒక్కని అలసత్వము ఊరందరి శ్రమను వమ్ము చేయును. ఎన్నుకొన్న పంపకపువారు ఇరుగుపొరుగువారే గనుక, ఇంటికి పోయి, కూర్చుండి, నచ్చజెప్పగలిగిరి. పరాయి ఉద్యోగి చేయలేని పని యిది. 2015లో ఈ విధముగా మందు మ్రింగినవారు 11 కోట్లకు మించిరి.

మిగిలిన పని

కొలంబియా 2013లోను, ఈక్వడార్ 2014లోను, మెక్సికో 2015లోను, గ్వాటిమాలా 2016లోను ఈ రోగమునుండి విముక్తములైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. ఆఫ్రికాలో ఆ గౌరవము మొట్టమొదట పొందినది నైజర్ దేశము. అది 2025 జనవరిలో జరిగెను. 1974లో మొదలిడిన ఏడు దేశములలో నైజర్ ఒకటి. అర్ధశతాబ్దమునకు ఫలము చేతికి వచ్చినదన్నమాట.

కాని పని తీరలేదు. 2023 లెక్కలో ఇంకను ఇంచుమించు 25 కోట్లమందికి ఏటేట మందు కావలసియున్నది. మధ్య ఆఫ్రికా యడవులలో లోవా లోవా యను మరియొక పురుగు కలదు; అది రక్తమున మితిమీరియున్నవారికి ఐవర్‌మెక్టిన్ ఇచ్చినచో మెదడునకు అపాయము కలుగవచ్చును గాన, అక్కడ పరీక్షించి జాగ్రత్తతో నీయవలెను. 2018లో మాక్సిడెక్టిన్ అను మరియొక మందు అమెరికాలో అంగీకారము పొందినది. అది పిల్లపురుగులను ఎక్కువకాలము అణచియుంచును. కలహములవలన జనులు చెదరిపోయినచోట్ల ఏ మందును క్రమముగా అందదు. నడుమ నిలిపివేసినచో, బ్రతికియున్న కొద్దిపాటి పురుగులే మరల పెరుగును.

మనము నేర్వవలసినది

ఇపుడు మా మూడవ కారణము చెప్పుదుము. మన జిల్లాలలో బోదకాలు కలదు. దాని పురుగు దోమవలన వచ్చును. దానికై 2004 మొదలు దేశమున ఏడాదికొకసారి మాత్రలు ఇంటింటికి పంచుచున్నారు. 2018 మొదలు కొన్ని జిల్లాలలో ఆ మాత్రలకు తోడుగ ఈ ఐవర్‌మెక్టినే చేర్చి యిచ్చుచున్నారు. ఆఫ్రికా రైతు ఎత్తుకఱ్ఱ ప్రక్కన నిలిచి మ్రింగిన మాత్రయే మన గుమ్మమునకును వచ్చుచున్నదన్నమాట.

మనవారేమి చేయుచున్నారు? మాత్రలు చేత పుచ్చుకొందురు. వచ్చినామె వెళ్లగనే చూరులో దోపుదురు. నాకు కాలు వాయలేదు గదా, నాకెందుకని యందురు. కాలు వాచువరకు ఆగినవానికి మాత్ర తెచ్చు మేలు కొద్ది. పురుగు రక్తమున నున్నను వాపు కనబడనివాడే దానిని దోమద్వారా ఊరికెల్ల పంచువాడు. నదీ అంధత్వమున దురద లేనివాడు చేసిన పొరపాటునే మనము చేయుచున్నాము. మాత్రలు మ్రింగినపిదప కొందరికి జ్వరమో తలనొప్పియో వచ్చుట, లోన చచ్చుచున్న పురుగుల గుర్తు. అది తరచు ఒకటి రెండు దినములలో పోవును. పోకున్నచో వైద్యునికి చూపవలెను. భోజనమైన పిదప, ఇచ్చినవారి యెదుటనే మ్రింగవలెను. గర్భిణులును, పసిపిల్లలును, తీవ్రరోగులును మానవలెను. పశువుల కిచ్చు ఐవర్‌మెక్టిన్ మందును మనుష్యులు ఎంతమాత్రమును వాడరాదు. దాని మోతాదు వేరు.

మనవారికి ఇట్టి పని చేతకాదని మే మనుకొనము. దిగుడుబావుల నీటివలన వచ్చు నారికురుపు ఒకప్పుడు మన ప్రాంతమునను, మరి కొన్ని రాష్ట్రములలోను రైతును పంటకాలమున మంచమెక్కించెడిది. నీరు వడగట్టుకొని, బావులు బాగుచేసికొని, మందు చల్లి దానిని తరిమితిమి. దేశమున కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో భారతదేశము ఆ రోగమునుండి విముక్తమైనట్లు ధ్రువపడెను. నేటి పిల్లలకు దాని పేరుకూడ తెలియదు.

కావున మన సంఘముల సభ్యులకు మా విన్నపమిది. మాత్రలు పంచు దినమును సంఘపు నోటీసు బల్లపై ముందుగా వ్రాయుడు. ఆ దినమున ఊరిలో లేనివారి పేర్లు గుర్తుంచుకొని, వచ్చిన పిదప వారికి ఇప్పింపుడు. పంచుటకు వచ్చు ఆశాకార్యకర్తలకు తోడు నడువుడు. అప్పు వసూలునకు ఇంటింటికి తిరుగు మన డైరెక్టర్లు, ఆరోగ్యమునకై ఒక్కదినము తిరుగలేరా? ముందుగా తాము మ్రింగి, పిదప పొరుగువానిని మ్రింగుమని యడుగవలెను. ఒక్క సంవత్సరము చేసి మానక, చాలునని ఆరోగ్యశాఖవారు చెప్పువరకు చేయవలెను. వోల్టా ఒడ్డున బీడుభూములు మరల పచ్చబడినది ఒక్క యేట గాదు; ఏటేట తప్పక చేసిన పనివలన.